ఆసుపత్రిలో పొరపాటు జరిగాక ఎలా కూర్చుని మాట్లాడుకోవాలి

నెల్లూరు జిల్లాలో ఏ వార్డులోకి వెళ్ళినా ఒక పెంచలయ్యో, పెంచలమ్మో కనిపిస్తారు. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న ఇళ్ళు ఇక్కడ అన్ని ఉన్నాయి. మాలకొండ వైపు వెళ్తే మాలకొండయ్యలు, మాల్యాద్రులు. రమణయ్యలు, రమణమ్మలు అయితే ఒంగోలు దాకా ఎక్కడైనా ఉంటారు. ఒకే వార్డులో ఒకే పేరున్న ఇద్దరు పడుకుని ఉండటం మనకు వింతేమీ కాదు. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి పడటానికి సగం కారణం అక్కడే తయారవుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. కావలి వైపు ముప్పై పడకల నర్సింగ్ హోమ్. మేల్ వార్డులో ఇద్దరు పెంచలయ్యలు. ఒకాయనది దగదర్తి; షుగర్, కాలికి పుండు. ఇంకొకాయనది అల్లూరు, జ్వరంతో చేరాడు. రాత్రి డాక్టర్ ఫోన్‌లో "పెంచలయ్యకి ఇన్సులిన్ పది యూనిట్లు ఇచ్చేయమ్మా" అన్నాడు. సిస్టర్ ఏడో బెడ్ దగ్గరికి వెళ్ళి "పెంచలయ్యేనా?" అని అడిగింది. "అవును తల్లీ" అన్నాడాయన. ఇంజెక్షన్ చేసేసింది. కానీ ఏడో బెడ్ మీద ఉన్నది జ్వరం పెంచలయ్య. షుగర్ ఉన్నాయన బాత్‌రూమ్ దాకా నడవలేక సాయంత్రమే మూడో బెడ్‌కి మారాడు. నాలుగో బెడ్ మీద ఫ్యాన్ తిరగక, అక్కడున్న జ్వరం ఆయన ఖాళీ అయిన ఏడో బెడ్‌కి వచ్చాడు. కాసేపటికి ఆయనకి ఒళ్ళంతా చెమటలు, వణుకు. చూస్తే షుగర్ 46. వెంటనే 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కిస్తే తేరుకున్నాడు.

ఇలాంటప్పుడు చాలా చోట్ల తెల్లారేసరికి సిస్టర్‌కి మెమో వస్తుంది. జీతంలో కోత పడుతుంది, వారం పాటు గుసగుసలు నడుస్తాయి, తర్వాత అందరూ మర్చిపోతారు. ఫ్యాన్ అలాగే ఉంటుంది. ఫోన్‌లో మందు చెప్పడం అలాగే ఉంటుంది. బెడ్ నంబర్ చూసి మనిషిని గుర్తుపట్టడమూ మారదు. కొన్నాళ్ళకి ఇంకో సిస్టర్, ఇంకో రమణమ్మ. ఈసారి మాత్రం ఎవరూ బయటికి చెప్పరు, ఎందుకంటే చెప్పినవాళ్ళకి ఏమైందో అందరూ చూశారు. మెమో వల్ల జరిగే అసలు నష్టం ఇదే. తప్పులు తగ్గవు, తప్పుల గురించి మనకి తెలియడం తగ్గుతుంది.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. నర్సింగ్ హోమ్ నడిపేవాళ్ళు, హెడ్ నర్సులు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లు ఎవరైనా దీన్ని పాటించవచ్చు. పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నట్టు క్వాలిటీ విభాగం అక్కర్లేదు. ఒక రిజిస్టర్, గోడకి అతికించే పెద్ద కాగితం, ఇచ్చిన మాట మీద నిలబడే పై అధికారి ఉంటే చాలు. మూడోది లేకపోతే మాత్రం మొదలుపెట్టకండి. నమ్మి నిజం చెప్పిన ఒక్క మనిషిని శిక్షించారంటే ఇక ఆ ఆసుపత్రిలో పదేళ్ళయినా ఎవరూ నోరు విప్పరు.

మొదటి గంటలో

ముందు రోగి. ఆయన ప్రమాదం నుంచి బయటపడేదాకా ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న మాటే ఎత్తవద్దు.

తర్వాత వస్తువులు జాగ్రత్త చేయండి. వాడిన ఆంప్యూల్, సిరంజి, వయల్, మందు స్ట్రిప్, సెలైన్ సీసా ఏదీ చెత్తబుట్టలో వేయనివ్వకండి. సూదిని ఎవరికీ గుచ్చుకోకుండా గట్టి డబ్బాలో పెట్టి, మిగతావి ఒక కవర్లో వేసి, తేదీ, టైమ్ రాసి తాళం వేయండి. బెడ్ల వరస, ట్రే అమరిక ఎలా ఉందో ఫోన్‌తో ఫోటో తీసి ఉంచండి, రోగుల ముఖాలు పడకుండా. తెల్లారితే ఆయా అన్నీ సర్దేస్తుంది, ఆ సర్దుడులో కారణం కూడా పోతుంది.

కేస్ షీట్‌లో రాసినదాన్ని దిద్దవద్దు, చెరపవద్దు, కాగితం మార్చవద్దు. రాయడం మరిచిపోయింది ఉంటే ఇప్పటి టైమ్ వేసి కిందనే రాయండి. రోగి తరఫువాళ్ళు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలో ఉంది. దిద్దిన కేస్ షీట్ బయటపడితే పొరపాటు కాస్తా మోసమవుతుంది. అప్పుడు మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు, కాపాడకూడదు కూడా.

ఇంటివాళ్ళకి చెప్పడం

చాలామంది దాటేసే మెట్టు ఇది. గొడవ చేస్తారని భయం, అద్దాలు పగులుతాయని భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ఆసుపత్రుల మీద దాడులను అడ్డుకోవడానికి మన రాష్ట్రంలో 2008లో చట్టమే చేయాల్సి వచ్చింది. అయినా చెప్పాలి. తండ్రికి ఒంట్లో ఏమైందో తెలుసుకునే హక్కు కొడుక్కి ఉంది. పైగా వార్డులో పక్క బెడ్ వాళ్ళు అంతా చూసే ఉంటారు. మీరు చెప్పకపోతే వాళ్ళు చెబుతారు.

చెప్పేది సీనియర్ డాక్టరే అయ్యుండాలి, ఆ సిస్టర్ కాదు. వరండాలో నిలబెట్టి కాకుండా గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి చెప్పండి. ఇంట్లో మాట చెల్లే పెద్దమనిషి ఒకరిని కూడా రమ్మనండి. మాటలు ఇలా ఉండొచ్చు:

"బాబూ, మీ నాయనకి రాత్రి ఇవ్వకూడని ఇంజెక్షన్ ఒకటి పడింది. వేరే ఆయనకి ఇవ్వాల్సిన ఇన్సులిన్ అది. దానివల్ల షుగర్ బాగా పడిపోయింది. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం, ఇప్పుడు బాగున్నాడు. రేపు సాయంత్రం దాకా మాటిమాటికీ షుగర్ చూస్తాం, దానికి మీ దగ్గర డబ్బు తీసుకోం. ఇలా జరిగినందుకు మమ్మల్ని క్షమించండి. ఎలా జరిగిందో కనుక్కుంటున్నాం, ఏం తేలిందో మీకు మళ్ళీ కూర్చోబెట్టి చెబుతాం."

"చిన్న రియాక్షన్ వచ్చింది" అనకండి. "కొత్త సిస్టర్ అమ్మా, తెలియక చేసింది" అని ఆ అమ్మాయి మీదికి నెట్టకండి. "మీ నాయనే అవునన్నాడు" అనైతే అసలే వద్దు. కారణం ఇంకా తెలియదు కాబట్టి కారణం చెప్పకండి, జరిగింది మాత్రమే చెప్పండి. మళ్ళీ చెబుతామన్న మాటకి ఒక రోజు, టైమ్ పెట్టి, ఆ టైమ్‌కి పిలవండి.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మనం లోపల నిందించుకోకుండా మాట్లాడుకున్నంత మాత్రాన రోగి హక్కులు ఎక్కడికీ పోవు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. వాళ్ళు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తామంటే అది వాళ్ళ హక్కు. అడ్డుపడకండి, బెదిరించకండి.

ఆ సిస్టర్ సంగతి

ఆ రాత్రి ఆమెని మిగతా డ్యూటీ నుంచి తప్పించి, పక్కన ఒకరిని కూర్చోబెట్టండి. ఒంటరిగా ఇంటికి పంపకండి. తన చేతి మీదుగా ఒక మనిషికి హాని జరిగిందన్న బాధ మామూలుది కాదు. నిద్ర పట్టదు, మళ్ళీ సిరంజి పట్టుకోవాలంటే చెయ్యి వణుకుతుంది, కొందరు ఉద్యోగమే మానేస్తారు. హెడ్ నర్స్ మర్నాడు ఇంటికి ఫోన్ చేసి "తిన్నావామ్మా?" అని అడగాలి. విచారణ ప్రశ్నలు ఆ ఫోన్‌లో అడగకూడదు. ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి ఎవరూ పెట్టకుండా చూసుకోండి.

కాగితం మీద పెట్టడం

రెండు రోజుల్లోపు ఒక్క పేజీ రాయించండి. తెలుగులోనే రాయనివ్వండి, ఇంగ్లిష్‌లో రాయమంటే ఆయా, వార్డు బాయ్ రాయనే రాయరు, తరచుగా అసలు విషయం తెలిసింది వాళ్ళకే. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, రోగికి ఏమైంది, మళ్ళీ జరగకుండా ఏం మారిస్తే బాగుంటుంది. ఇంతే. సిబ్బంది పేర్లు రాసే గడి ఉండకూడదు. నైట్ సిస్టర్, డ్యూటీ డాక్టర్, ఫార్మసిస్టు అని పని పేరే రాయండి.

జరగబోయి ఆగిపోయినవి కూడా ఇదే కాగితం మీదికి రావాలి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ రాసిన చోట ఇన్ఫెక్షన్ మాత్ర మెట్రోనిడజోల్ తీయబోయి ఆఖరి క్షణంలో చూసుకున్న ఫార్మసిస్టు, సూది గుచ్చే ముందు ఊరి పేరు అడిగి ఆగిపోయిన సిస్టర్ చెప్పేవి ఇవి. వీటిలో ఎవరికీ హాని లేదు కాబట్టి భయం తక్కువ, చెప్పేవాళ్ళు ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి కొన్ని నెలలు వీటితోనే అలవాటు చేసుకోండి. విమానరంగంలో ఇదే చేశారు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లని నాసా నడిపే వ్యవస్థకి రాసి పంపుతున్నారు, అక్కడ పేర్లు తీసేసి విషయాన్ని మాత్రం అందరికీ పంచుతారు.

మన దేశానికీ ఇది కొత్త కాదు. ప్రసవంలో తల్లి చనిపోతే చేసే ప్రసూతి మరణాల సమీక్షకి కేంద్రం పెట్టిన సూత్రమే పేరు వద్దు, నింద వద్దు అని. 2010లో మొదలైన ఆ సమీక్షకి 2017లో మార్గదర్శకాలు మళ్ళీ రాశారు. కలెక్టర్ దగ్గర జరిగే సమీక్షకి ఆ ఇంటివాళ్ళని కూడా పిలిచి వాళ్ళ మాట వింటారు. మీ ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలని అడిగితే ఆ పద్ధతి తెలిసే ఉంటుంది. దాన్ని తల్లి మరణానికే పరిమితం చేయకుండా రోజువారీ పొరపాట్లకీ తేవడమే మనం చేస్తున్న పని.

గంటల వరస

సమావేశానికి ముందు ఒకరు కూర్చుని పెద్ద కాగితం మీద ఆ రోజుని టైమ్ ప్రకారం రాయాలి. సంఘటన జరిగిన నిమిషం నుంచి కాదు, కనీసం అంతకుముందు పన్నెండు గంటల నుంచి. మన ఉదాహరణలో అయితే: సాయంత్రం బెడ్ మార్పు, అది కేస్ షీట్‌లో రాయలేదు. ఎనిమిదింటికి డ్యూటీ మారేటప్పుడు ఛార్జ్ ఇచ్చిన సిస్టర్ బస్సు టైమ్ అయిపోతుందని బెడ్ నంబర్లు చదివి వెళ్ళిపోయింది. రాత్రికి పద్దెనిమిది మంది రోగులకి ఒక్క సిస్టర్. పదింటికి ఫోన్ ఆర్డర్, అదే సమయంలో ఎమర్జెన్సీలో కేసు.

"రాయలేదు", "చూడలేదు" అన్న చోటల్లా పక్కన ఇంకో మాట చేర్చండి: అప్పుడు ఏం చేస్తూ ఉంది? మనిషి ఏం చేయలేదో రాస్తే నేరం కనపడుతుంది, ఏం చేస్తూ ఉందో రాస్తే కారణం కనపడుతుంది.

కూర్చోవడం

వారం లోపే పెట్టండి. ఏడెనిమిది మంది చాలు: ఆ రాత్రి వార్డులో ఉన్నవాళ్ళు, ఫార్మసిస్టు, హెడ్ నర్స్, ఒక డాక్టర్, ఆయా. ఆ సిస్టర్ రావాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వస్తే మధ్యలో కాకుండా అందరిలో కలిసి కూర్చోవాలి. ముప్పావు గంట మించనివ్వకండి. నైట్ డ్యూటీ దిగినవాళ్ళని ఆపి పెట్టకండి, నిద్రలేనివాళ్ళు ఏది అడిగినా తలూపుతారు.

మొదటి మాట పెద్ద డాక్టర్‌దే. "ఇక్కడ చెప్పింది విని ఎవరి మీదా చర్య తీసుకోను. మనలో ఎవరు ఆ రాత్రి అక్కడ ఉన్నా ఇదే జరిగి ఉండేదా అన్నదే చూద్దాం" అని నోటితో అనాలి. మనసులో అనుకుంటే చాలదు. అన్నాక ఆయన ఊరుకోవాలి. మాట్లాడే వరస కింది నుంచి రావాలి: ముందు ఆయా, తర్వాత వార్డు బాయ్, సిస్టర్లు, ఫార్మసిస్టు, ఆఖరున డాక్టర్లు. మన దగ్గర సార్ ఒక అభిప్రాయం చెప్పాక సిస్టర్ ఇంకో మాట అనడం జరగదు. "అంతే సార్" అంటారు, అక్కడితో సమావేశం అయిపోతుంది. వరస మారిస్తే ఆయా నోటి నుంచి "బెడ్ నేనే మార్పించా సార్, ఎవరికి చెప్పాలో తెలీలా" అన్న మాట వస్తుంది. ఆ ఒక్క మాట కోసమే ఈ సమావేశం.

ఎవరో ఒకరు తప్పకుండా "ఇది ఆ అమ్మాయి అజాగ్రత్త, ఇంకేం లేదు" అంటారు. వాళ్ళతో వాదించకండి. అంతే అనుభవం ఉన్న ఇంకో మంచి సిస్టర్‌ని అదే రాత్రి, అదే పద్దెనిమిది మందితో, అదే ఫోన్ ఆర్డర్‌తో నిలబెడితే ఏం జరిగేదో అడగండి. ఇదే జరిగి ఉండేదని అందరూ ఒప్పుకుంటే లోపం మనిషిలో లేదు, పని అమరికలో ఉంది. మాంచెస్టర్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ చెప్పిందీ ఇదే: ప్రమాదానికీ రోగికీ మధ్య చాలా అడ్డుకట్టలు ఉంటాయి, ప్రతిదానిలో ఎక్కడో ఒక కంత ఉంటుంది, అన్ని కంతలూ ఒకే వరసలోకి వచ్చిన రోజే హాని జరుగుతుంది. సిస్టర్ చెయ్యి ఆ వరసలో చివరిది.

ఇంకో సిస్టర్ అయితే అలా చేసేది కాదని తేలితే? అప్పుడు అలా ఎందుకు చేయాల్సి వచ్చిందో అడగండి. నేర్పలేదా, అలసిపోయిందా, అడ్డదారి అందరికీ అలవాటైపోయిందా? వీటికి శిక్ష మందు కాదు. డ్యూటీలో తాగి ఉండటం, కావాలని హాని చేయడం, తెలిసి తెలిసి రికార్డు మార్చడం, జరిగింది దాచి రోగిని ప్రమాదంలో వదిలేయడం మాత్రం వేరు. అవి ఈ గదిలో తేల్చేవి కావు, నియమాల ప్రకారం పోవాల్సినవే. ఆ గీత ఎక్కడుందో ముందే రాసి గోడకి పెట్టండి. క్రిమినల్ కేసు విషయంలో సుప్రీంకోర్టు కూడా 2005లో జేకబ్ మాథ్యూ కేసులో ఇలాంటి గీతే గీసింది: మామూలు పొరపాటు, అంచనా తప్పడం నేరం కావు, నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉంటేనే నేరం.

ఏం మార్చాలి

సమావేశం "ఇకనుంచి అందరూ జాగ్రత్తగా ఉండాలి" అన్న తీర్మానంతో ముగిస్తే ఆ పూట వృథా. జాగ్రత్త అందరికీ ఉంది. సర్క్యులర్, సంతకాలు, క్లాసు ఇవన్నీ బలహీనమైన మందులు. కంటికి కనపడే వస్తువో, చేతికి అందే అమరికో మారాలి.

పెంచలయ్య విషయంలో ఏం చేయొచ్చు? చేరిన వెంటనే ముంజేతికి పట్టీ కట్టి పేరు, వయసు, ఊరు, ఐపీ నంబర్ రాయండి. పట్టీలు కొనలేకపోతే ప్లాస్టర్ మీద పెన్నుతో రాసినా సరే. ఒకే పేరున్న ఇద్దరు వార్డులో ఉంటే ఇద్దరి కేస్ షీట్ మీదా ఎర్ర గీత. మందు ఇచ్చే ముందు "పెంచలయ్యేనా?" అని అడగకూడదు. మన పెద్దవాళ్ళు సగం వినపడకపోయినా మర్యాదకి అవుననేస్తారు. "మీ పేరేంది? మీ ఊరేది?" అని అడిగి వాళ్ళ నోటితో చెప్పించండి. బెడ్ నంబర్‌ని గుర్తుగా వాడనే వాడకండి. ఫోన్ ఆర్డర్ అయితే సిస్టర్ పేరు, ఊరు, మందు, మోతాదు తిరిగి చదవాలి, డాక్టర్ "కరెక్ట్" అన్నాకే ఫోన్ పెట్టాలి. నాలుగో బెడ్ మీద ఫ్యాన్ బాగు చేయించండి. నవ్వొద్దు, ఈ జాబితాలో అది నిజమైన పని.

ఇన్సులిన్ గురించి మాట్లాడుతున్నప్పుడు సిరంజిలు కూడా చూడండి. మన దగ్గర మామూలు వయల్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. 100 యూనిట్ల ఇన్సులిన్ వేరు, దాని సిరంజికి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో పది గీత దాకా తీస్తే పడేది 25 యూనిట్లు. తిరగబడితే పది అనుకున్నది నాలుగే పడుతుంది. రెండు రకాలూ ఒకే డ్రాయర్లో ఉండకూడదు. చీటీ మీద ఇంగ్లిష్ అక్షరం యు ఒక్కటే రాస్తే అది సున్నాలా కనపడి పది కాస్తా వంద అవుతుంది, అందుకే యూనిట్లు అని పూర్తిగా రాయాలి. 1.0 అని రాస్తే చుక్క కనపడక పది అవుతుంది. ఒకటి అయితే ఒకటే రాయండి. అర అయితే చుక్కకి ముందు సున్నా పెట్టి 0.5 అని రాయండి.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్ళని వార్డు ట్రేలో నుంచి ఈ రోజే తీసేయండి. కలపకుండా నరంలోకి నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది, పైగా చూడటానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌లా ఉంటుంది. ఐసీయూలోనో, ఫార్మసీలోనో తాళం కింద ఉంచి, అవసరమైనప్పుడు రాసి తెప్పించుకోండి. ట్రేలో లేని మందుని ఎంత అలసిన చెయ్యి అయినా పొరపాటున తీయలేదు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునేది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద "ప్రతి మంగళవారం మాత్రమే" అన్నట్టు వారం పేరు తెలుగులో రాయండి.

పీహెచ్‌సీ వాళ్ళు వ్యాక్సిన్ ఫ్రిజ్ తెరిచి చూడండి. సమోవా దేశంలో 2018లో తట్టు టీకా పొడిలో నీళ్ళకి బదులు కండరాలని సడలించే మత్తుమందు కలిపారు, ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. ఇద్దరు నర్సులకి జైలుశిక్ష పడింది. టీకా కార్యక్రమం కొన్నాళ్ళు ఆగింది, జనానికి నమ్మకం పోయింది. మరుసటి ఏడాది తట్టు వచ్చి 83 మంది పోయారు, ఎక్కువమంది చిన్నపిల్లలే. మత్తుమందులు ఆ ఫ్రిజ్ దరిదాపుల్లోనే ఉండకూడదు.

నెల తర్వాత

ప్రతి మార్పు పక్కన ఒకరి పేరు, తేదీ రాయండి. ఇక్కడ పేరు ఉండాలి, ఎందుకంటే ఇది పని అప్పగించడం. ఒక సమావేశానికి మూడు మార్పులు మించొద్దు.

ఇంటివాళ్ళకి ఇచ్చిన మాట ప్రకారం పిలిచి, ఏం తేలిందో, ఏం మార్చారో చెప్పండి. కాగితం రాసిన సిబ్బందికీ చెప్పండి. రాసింది ఏమైందో తెలియకపోతే రెండోసారి రాయరు. మందు వల్ల హాని జరిగి ఉంటే ఘజియాబాద్ నుంచి నడిచే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల వల్ల జరిగే హానిని గమనించే) కార్యక్రమానికి కూడా తెలపండి, టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024.

నెల తిరిగాక అర్ధరాత్రి దాటిన తర్వాత, చెప్పకుండా వార్డుకి వెళ్ళండి. పగలు అన్నీ సరిగ్గానే ఉంటాయి. ముంజేతి పట్టీలు ఉన్నాయా, ట్రేలో పొటాషియం మళ్ళీ చేరిందా, ఫోన్ ఆర్డర్ తిరిగి చదువుతున్నారా చూడండి. పట్టీలు లేకపోతే సిస్టర్‌ని మందలించకుండా ఎందుకు కుదరడం లేదో అడగండి. పట్టీలు స్టోర్‌లో ఉన్నాయి, రాత్రి స్టోర్‌కి తాళం, తాళంచెవి ఇంటికి వెళ్ళిపోతుంది అని చెప్పొచ్చు. మర్నాడే ఒక పెట్టెడు పట్టీలు నర్సింగ్ టేబుల్ డ్రాయర్లో పెట్టించి, రిజిస్టర్‌లో తేదీ వేసి, మళ్ళీ ఎప్పుడు చూస్తారో పక్కన రాసుకోండి.